ధైర్యం కన్నా ముందు పొడవాటి ఛార్జర్

సంపాదకులకు నమస్కారం.

దీర్ఘకాలిక జబ్బుల మీద పత్రికల ఆరోగ్య పేజీల్లో ఏ వ్యాసం వచ్చినా చివరి పేరా దాదాపు ఒకేలా ఉంటుంది. ‘మనోధైర్యమే సగం మందు, నవ్వుతూ ఉంటే ఎంత జబ్బైనా పారిపోతుంది’ అని. డయాలసిస్, కీమోథెరపీ, రేడియేషన్ విభాగాల్లో పనిచేసే నర్సులం, టెక్నీషియన్లం, కౌన్సెలర్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఆ పేరా చదివి తేలికపడినవాళ్ల కన్నా, ‘నేను సరిగ్గా నవ్వలేకపోతున్నాను, అందుకే తగ్గడం లేదేమో’ అని లోలోపల నలిగిపోయేవాళ్లే మాకు ఎక్కువగా తారసపడతారు.

అసలు ఆ మాటకు ఆధారం బలహీనం. తల, మెడ భాగాల క్యాన్సర్‌కు చికిత్స పొందిన 1,093 మందిని పరిశీలించి మనస్తత్వవేత్త జేమ్స్ కోయిన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, రోగి మానసిక స్థితికీ అతను ఎంతకాలం బతికాడన్నదానికీ సంబంధమే కనిపించలేదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో క్యాన్సర్ రోగుల మనసుకు ప్రత్యేకంగా వైద్యం ఉండాలని పునాది వేసిన మానసిక వైద్యురాలు జిమ్మీ హాలండ్, ఎప్పుడూ సానుకూలంగానే ఆలోచించాలన్న ఈ ఒత్తిడిని నిరంకుశత్వం అనే పిలిచారు. ఉల్లాసం రోజు బాగా గడవడానికి కావాలి. ఆ పని చేస్తే చాలు. గడ్డను కరిగించే బాధ్యత కూడా దాని నెత్తిన పెట్టడం అన్యాయం. దిగులుపడిన రోజున రోగి తన చికిత్సకేమీ ద్రోహం చేయడం లేదు.

ఇక ఆ ఉల్లాసాన్ని తినేసేవి ఏమిటని చూస్తే, చావు భయం లాంటి పెద్ద మాటలు మాత్రమే కావు. ఎప్పుడు పిలుస్తారో తెలియని నిరీక్షణ, మధ్యాహ్నానికే చచ్చిపోయే ఫోను, మూడుసార్లు గుచ్చినా దొరకని నరం, ఎందుకొస్తోందో అర్థంకాని చిరాకు. వీటిలో చాలావాటికి విరుగుడు ఉంది.

ముందు నిరీక్షణ సంగతి. వరుసలో నిలబడే మనిషి మనసు గురించి మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన సూత్రాలు ఆస్పత్రి ఓపీకి అతికినట్టు సరిపోతాయి. ఖాళీగా గడిపిన సమయం పనిలో గడిపిన సమయం కన్నా పొడవుగా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియకపోతే ఇంకా పొడవు. కారణం చెప్పకపోతే మరింత పొడవు. దానికి ఆందోళన తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. కాబట్టి కౌంటరు దగ్గర ‘ఇంకెంతసేపండీ?’ అని అడిగి లాభం లేదు, ‘కూర్చోండి, పిలుస్తాం’ అనే జవాబు వస్తుంది. దాని బదులు మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి. నా ముందు ఎంతమంది ఉన్నారు? డాక్టరుగారు ఓపీలోకి వచ్చారా, రౌండ్స్‌లో ఉన్నారా? నా రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందా? ఇవి అవతలివాళ్లు చూసి చెప్పగలిగిన ప్రశ్నలు, కాబట్టి చెబుతారు.

కీమో విభాగంలో సగం ఆలస్యాలు ఆ మూడో ప్రశ్న దగ్గరే పుడతాయి. రక్తకణాల లెక్క చూడకుండా మందు కలపరు. ఆ రోజు పొద్దున్నే రక్తం ఇస్తే, రిపోర్టు రావాలి, డాక్టరు చూడాలి, ఫార్మసీకి చీటీ వెళ్లాలి, అక్కడ మందు కలిపి పంపాలి. సూది ఎక్కేసరికి మధ్యాహ్నం దాటుతుంది. వీలున్నచోట ముందురోజే రక్తం ఇచ్చేయండి. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. కౌంట్స్ పడిపోయి కీమో వాయిదా పడితే ఆ సంగతి ఇంట్లో ఉండగానే తెలుస్తుంది. సంచి సర్దుకుని, మనసు చిక్కబట్టుకుని, అంతదూరం వచ్చాక ‘ఈ వారం కుదరదు, వచ్చే వారం రండి’ అన్న మాట వింటే కీమో కన్నా ఎక్కువ నీరసం వస్తుంది. వాయిదా అంటే చికిత్స చెడిపోయినట్టు కాదని, ఎముక మజ్జ కోలుకోవడానికి మరికొన్ని రోజులు కావాలని మాత్రమే అర్థమని మొదటి సైకిల్‌కు, అంటే మొదటి విడత కీమోకు, ముందే చెప్పించుకోవడం మంచిది. ఎంపిక మీ చేతిలో ఉంటే రోజులో మొదటి స్లాట్ అడగండి. ఆలస్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి, పొద్దున్నవాళ్లకు ఆ భారం తక్కువ. ఇంట్లోవాళ్లకు ‘మూడింటికి వచ్చేస్తాం’ అని చెప్పకండి. మూడు దాటిన ప్రతి అరగంటా మీకూ వాళ్లకూ నష్టంలా తోస్తుంది. ఆ రోజంతా ఆస్పత్రిదే అని ముందే రాసిచ్చేస్తే, తొందరగా అయినప్పుడు మిగిలిన పూట లాభం కింద జమ.

కూర్చునే సమయానికి మూడు కొలతల పనులు వెంట ఉండాలి: ఐదు నిమిషాలవి, అరగంటవి, రెండు గంటలవి. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియని ఓపీ కుర్చీలో రెండు గంటల సినిమా మొదలుపెడితే చూడలేరు, ఆపలేరు. అక్కడ చిన్న పజిల్, ఒక పేజీ కథ, ఒకరికి రాయాల్సిన సందేశం చాలు. మందు ఎక్కడం మొదలయ్యాక సినిమా పెట్టుకోవచ్చు. లావుపాటి నవల తెచ్చుకుని ఒకే పేజీ పదిసార్లు చదివే వాళ్లను రోజూ చూస్తాం. అది వాళ్ల బద్ధకం కాదు. కీమో, నిద్రలేమి, ఆందోళన మూడూ ఏకాగ్రతను దెబ్బతీస్తాయి. చదవలేని రోజుకు వినేవి సిద్ధంగా ఉంచుకోవాలి. అన్నీ ముందురోజు రాత్రే ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి. లోపలి గదుల్లో సిగ్నల్ అందకపోవడం మామూలే, రేడియేషన్ గదులైతే మందపాటి కాంక్రీటు గోడల మధ్య ఉంటాయి.

సంచి విషయంలో మా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. ఛార్జర్ తీగ కనీసం రెండు మీటర్లు ఉండాలి. ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అవతలి వైపే ఉంటుంది, ఇదేం శాపమో మాకూ తెలియదు. పవర్ బ్యాంక్, ఇయర్‌ఫోన్లు, మేజోళ్లు, శాలువా, పెదాలకు రాసుకునే క్రీము. శాలువా సౌకర్యానికే కాదు, చలికి రక్తనాళాలు ముడుచుకుపోతాయి, నరం దొరకడం కష్టమవుతుంది. మందు ఎక్కించడానికి ఛాతీ చర్మం కింద అమర్చే పోర్ట్ ఉన్నవాళ్లు ముందు గుండీలున్న చొక్కా వేసుకోవాలి. చేతికి సూది ఉండేవాళ్లకు మోచేతి పైదాకా సులువుగా మడిచే వదులు చేతులుండాలి. ఫైల్లో అన్నిటికన్నా పైన ఒకే ఒక్క కాగితం పెట్టండి. జబ్బు పేరు, ఇప్పటిదాకా జరిగిన ఆపరేషన్ల తేదీలు, వాడుతున్న మందులు మోతాదుతో వేళతో సహా, పడని మందులు, రక్తం గ్రూపు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు. కొత్త డ్యూటీ డాక్టరు వచ్చిన ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పుకోవడం రోగిని నిలువునా నీరుగార్చే పని. ఆ కాగితం ముందుకు తోస్తే సరిపోతుంది. డాక్టరును అడగాల్సినవి మూడుకు మించకుండా, అన్నిటికన్నా భయపెడుతున్నది మొదట రాసుకోండి. చాలామంది దాన్ని ఆఖరికి, తలుపు దగ్గర నిలబడి అడుగుతారు. అప్పటికి డాక్టరు చేతిలో పక్క పేషెంటు ఫైలు ఉంటుంది.

ఇప్పుడు మేం అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయం. రోగి చిరాకు, ఏడుపు, నిద్రలేమి చాలాసార్లు మందుల పని. కీమోతోపాటు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ ఒక స్టెరాయిడ్. అది ఒంట్లో ఉన్న రోజుల్లో హుషారు, వాగుడు, రాత్రంతా నిద్రపట్టకపోవడం ఉంటాయి. ఆపిన మర్నాటి నుంచి మనిషి కూలబడతాడు. ఇది సాధారణంగా మూడో రోజు, నాలుగో రోజు ప్రాంతంలో పడుతుంది. ‘మొన్న అంత బాగున్నావు కదా, ఇవాళ ఏమైంది?’ అని ఇంట్లోవాళ్లు అడిగేది సరిగ్గా అప్పుడే. ఏమీ కాలేదు, స్టెరాయిడ్ దిగింది, అంతే. రోజులో ఆఖరి మోతాదును సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరపవచ్చా అని డాక్టరును అడిగితే చాలాసార్లు నిద్ర బాగుపడుతుంది. సొంతంగా మాత్రం జరపకూడదు, హఠాత్తుగా మానేయకూడదు. వాంతులకే ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కొందరిలో కాలు నిలవనివ్వని తహతహ పుట్టిస్తుంది, అది ఆందోళన అనుకుని మనిషిని ఓదారుస్తూ కూర్చుంటారు. మందు మారిస్తే పోతుంది. ఫిట్స్‌కు వాడే లెవెటిరాసెటమ్ కోపం తెప్పించగలదు. కొన్ని క్యాన్సర్లకు, హెపటైటిస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్‌తో కుంగుబాటు రావడం బాగా తెలిసిన సంగతే. ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ తీసుకునేవాళ్లలో కొందరికి థైరాయిడ్ మందగించి, మనసు మొద్దుబారినట్టు అవుతుంది. రక్తహీనత, సోడియం పడిపోవడం, సరిగ్గా తగ్గించని నొప్పి సరేసరి. అందుకని స్వభావం మారినట్టు అనిపిస్తే మొదటి ప్రశ్న ‘ధైర్యం ఏమైంది?’ కాదు, ‘ఈ మధ్య ఏ మందు మొదలైంది, ఏది ఆగింది?’

దీన్ని పట్టుకోవడానికి పెద్ద డైరీ అవసరం లేదు. గోడ క్యాలెండర్‌లో రోజూ ఉదయం, సాయంత్రం ఒక్కో అంకె రాయండి. సున్నా అంటే లేవలేని స్థితి, పది అంటే జబ్బుకు ముందున్నట్టు. రెండు సైకిళ్లు గడిచేసరికి మీ ఒంటి లెక్క బయటపడుతుంది. 21 రోజుల సైకిల్‌లో చాలామందికి మూడు నుంచి ఐదో రోజు దాకా పల్లం. ఏడు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు అడుగుకు చేరతాయి, జనంలో తిరగకూడదు. ఆ సమయంలో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పదిహేను నుంచి ఇరవై ఒకటి దాకా తెరపి. స్నేహితులను పిలవాలన్నా, ఊరు వెళ్లాలన్నా ఆ వారంలో పెట్టుకోండి. అయితే ఆ తెరపి రోజుల్లోనే ఒక పొరపాటు జరుగుతుంది. ఒంట్లో బాగుంది కదా అని బీరువా సర్దడం, పేరుకున్న పనులన్నీ ఒక్కపూటలో తేల్చడం, మర్నాడు మంచం దిగలేకపోవడం. చేయగలిగినదాంట్లో మూడొంతులు చేసి ఆగడం నేర్చుకోవాలి. అలసటకు పూర్తి విశ్రాంతే మందనుకోవడం కూడా పొరపాటే. క్యాన్సర్ చికిత్సలో వచ్చే అలసట తేలికపాటి వ్యాయామంతో తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పది నిమిషాల నడక రోజుకు రెండుసార్లు మొదలుకు చాలు. జ్వరం ఉన్నప్పుడు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినప్పుడు మాత్రం అడిగి చేయాలి.

డయాలసిస్ లెక్క వేరు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, దానికి ముగింపు తేదీ ఉండదు. ఇక్కడ ఉల్లాసానికీ తాగే నీళ్లకూ నేరుగా ముడి ఉంది. మిషన్ మీద గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు లాగకుండా చూస్తారు. అరవై కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది దాదాపు మూడు లీటర్లు. నాలుగున్నర కిలోలు పెరిగి వస్తే తొందరగా లాగాల్సి వస్తుంది. బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, ఇంటికి వెళ్లాక ఆ రోజంతా పిండేసిన గుడ్డలా పడుంటారు. తక్కువ నీరు పెంచుకుని వచ్చినవాళ్లు సాయంత్రానికి లేచి తిరుగుతారు. ‘నీళ్లు తాగొద్దు’ అని గదిమితే దాహం ఆగదు, ఉప్పు తగ్గిస్తే ఆగుతుంది. పొద్దున్నే డాక్టరు చెప్పిన కొలతకు సీసా నింపండి. కాఫీ, పులుసు, మాత్రకు మింగిన నీళ్లు ఏది లోపలికి వెళ్లినా అంతే నీరు సీసాలోంచి పారబోయండి. సీసాలో ఎంత ఉంటే ఆ రోజుకు అంతే మిగిలినట్టు. గొంతెండితే పుక్కిలించి ఉమ్మేయవచ్చు. చిన్న మంచు ముక్క చప్పరిస్తే గుక్కెడు నీళ్లకన్నా ఎక్కువసేపు నోరు తడిగా ఉంటుంది, కాకపోతే దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉన్న చెయ్యి నాలుగు గంటలు కదలకూడదు. అందుకే ఒంటిచేత్తో చేయగలిగిన పనులు ముందే వెతుక్కోవాలి. అల్లికలు కుదరవు. వార్తాపత్రిక తిప్పడం కూడా కష్టమే, సంపాదకులు మన్నించాలి. ఫోన్ పట్టుకునే స్టాండు మంచం కడ్డీకి బిగించుకుంటే మెడనొప్పి తగ్గుతుంది. కొన్నిచోట్ల పక్కపక్క మంచాలవాళ్లు చదరంగం ఎత్తులు నోటితో చెప్పుకుని ఆడుకుంటారు. షిఫ్టు మార్చేటప్పుడు అలాంటి జంటలను విడదీయకుండా చూడమని మా తోటి టెక్నీషియన్లను కోరుతున్నాం. ఫిస్టులా మీద వేళ్లు ఆనించి రోజూ గుర్రుమనే కదలిక ఉందో లేదో చూసుకోవాలి, అది ఆగితే వెంటనే ఫోన్ చేయాలి. ఆ చేతికి బీపీ పట్టీ గానీ వేరే సూది గానీ వద్దని ప్రతి కొత్త సిబ్బందికీ మొహమాటం లేకుండా చెప్పాలి.

సూది భయం పిల్లలకే ఉంటుందనుకుంటారు. ఇరవయ్యోసారి సూది వేయించుకునే పెద్దలకు మొదటిసారి కన్నా ఎక్కువగా ఉండటం చూస్తుంటాం. ద్రవాల మీద ఆంక్ష లేనివాళ్లు ముందురోజు నుంచే బాగా నీళ్లు తాగాలి. వేడి నీళ్ల సంచి ఐదు పది నిమిషాలు చేతి మీద పెట్టుకుని, చెయ్యి కిందికి వేలాడేస్తే నరం పైకి తేలుతుంది. సంచి ఒంటికి హాయిగా తగిలే వెచ్చదనంలోనే ఉండాలి, చర్మం కాలకూడదు. క్రితంసారి ఏ నరం దొరికిందో గుర్తుపెట్టుకుని చెప్పండి, మాకు అది వరం. ఒకే మనిషి రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే వేరేవాళ్లను పిలవమని అడగడం రోగి హక్కు, మేం నొచ్చుకోం. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మత్తు క్రీము గంట ముందు పూసి పైన ప్లాస్టిక్ పట్టీ వేస్తే చర్మం మొద్దుబారుతుంది. పావుగంట ముందు పూసి పనిచేయలేదనడం న్యాయం కాదు. సూది చూడగానే కళ్లు తిరిగేవాళ్లకు దీర్ఘశ్వాస కన్నా కండరాలు బిగించడం నయం, ఎందుకంటే అక్కడ సమస్య పడిపోయే బీపీ. కాళ్లు, పొట్ట, రెండో చెయ్యి పది పదిహేను సెకన్లు మొహం వేడెక్కేదాకా బిగించి, ఇరవై ముప్పై సెకన్లు మామూలుగా వదిలి, ఇలా ఐదుసార్లు చేయాలి. సూది వేసే చెయ్యి మాత్రం వదులుగా ఉంచాలి.

కీమో వార్డు మెట్లెక్కగానే, మందు ఎక్కకముందే వాంతి వచ్చేవాళ్లు ఉంటారు. ఇది నటన కాదు, నాజూకుతనమూ కాదు. మొదటి సైకిళ్లలో వాంతులు సరిగ్గా అదుపు కాకపోతే ఆ గది వాసనకూ వికారానికీ మెదడు ముడి వేసేస్తుంది. ముడి పడ్డాక మామూలు వాంతి మందులు పెద్దగా పనిచేయవు. కాబట్టి మొదటిసారి నుంచే ‘రెండుసార్లే కదా అయింది’ అని దాచుకోకుండా చెప్పాలి. ఇదే ముడిని మనకు అనుకూలంగా వాడుకున్న ప్రయోగం ఒకటుంది. 1987లో బ్రోబర్గ్, బెర్న్‌స్టైన్ అనే పరిశోధకులు పిల్లలకు భోజనానికీ కీమోకూ మధ్య ఘాటైన రుచి ఉన్న మిఠాయి బిళ్ల ఇచ్చారు. విరక్తి ఆ బిళ్ల మీదకు పోయి, మామూలు భోజనం మీద ఇష్టం చాలావరకు నిలిచింది. దాన్నుంచి మేం తీసుకున్న పాఠం ఇది: కీమో రోజున మీకు అన్నిటికన్నా ఇష్టమైన వంట తినకండి, ఇష్టమైన సెంటు పూసుకోకండి. ఏమంత ఇష్టంలేని, ఎప్పుడూ తినని బిళ్ల ఒకటి చప్పరించండి. నింద అది మోస్తుంది. ప్రాణప్రదమైన పాటను కూడా ఆ గదిలోకి తీసుకురాకపోవడం మంచిదని మా అభిప్రాయం. అక్కడికి వేరే పాటలు పెట్టుకోండి.

ఆస్పత్రి రోజు చివరి అరగంటను చాలామంది పట్టించుకోరు. వైద్యుడు డోనాల్డ్ రెడెల్‌మైయర్, మనస్తత్వవేత్త డానియెల్ కాహ్నెమన్ 1996లో కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) రోగులను పరిశీలించి, బాధ మొత్తం ఎంతసేపు ఉందన్నదాన్ని మనిషి పెద్దగా గుర్తుంచుకోడని, అత్యంత తీవ్రమైన క్షణం, ఆఖరి క్షణాలు ఈ రెండే జ్ఞాపకాన్ని నిర్ణయిస్తాయని చూపారు. వారానికోసారి రావాల్సినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, ఈసారి ఎలా ముగిసిందన్నది వచ్చేసారి బయల్దేరే మనసును నిర్ణయిస్తుంది. అయితే మన ఆస్పత్రి రోజు ఎలా ముగుస్తుంది? బిల్లు కౌంటరు దగ్గర వరుస, మందుల దుకాణం దగ్గర వరుస, ‘ఈ మందు లేదు, రేపు రండి’. ఇది మార్చుకోవచ్చు. సెలైన్ ఎక్కుతుండగానే తోడు వచ్చినవాళ్లు బిల్లు కట్టేసి, మందులు తెచ్చి, వచ్చేసారి తేదీ చీటీ తీసుకోవాలి. సూది తీశాక మిగలాల్సింది మంచి పని ఒక్కటే. ఏదో ఒక బెంచీ మీద పది నిమిషాలు, ఒక స్నేహితుడి ఫోను, ఇంటికెళ్లే దారిలో వినడానికి దాచుకున్న ఎపిసోడ్. ప్రతిసారీ అదే అయితే ఇంకా మంచిది, ఎదురుచూడటానికి వీలుంటుంది. సూది తీసే మా చేతులకూ ఇదే వర్తిస్తుంది. షిఫ్టు ముగిసే తొందరలో ప్లాస్టరు చర్రున లాగితే అదే గుర్తుంటుంది.

కిటికీ పక్క కుర్చీ దొరికితే వదలకండి. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులను పోల్చి రోజర్ ఉల్రిచ్ 1984లో చూపించింది ఇదే. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కన్నా త్వరగా ఇంటికెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. ఒకటే కిటికీ ఉంటే వంతులు వేసుకోవాలి.

స్కాన్‌కూ రిపోర్టుకూ మధ్య రోజుల గురించి ఒక్కటే చెబుతాం. స్కాన్ గదిలోంచి బయటికి రాకముందే ‘ఫలితం ఎప్పుడు, ఎవరు చెబుతారు?’ అని అడిగి తేదీ తీసుకోండి. రిపోర్టు ఫోన్‌కు వస్తే రాత్రిపూట, ఒంటరిగా, డాక్టరు దొరకని సెలవు ముందురోజున తెరవకండి. అందులోని సగం మాటలు రేడియాలజిస్టు మరో డాక్టరుకు రాసినవి, ఇంటర్నెట్‌లో వెతికితే వాటికి అన్నిటికన్నా భయంకరమైన అర్థమే ముందు వస్తుంది. అప్పటిదాకా దిగులు ఆగదు కాబట్టి దానికో వేళ కేటాయించండి. సాయంత్రం పావుగంట, కాగితం మీద రాస్తూ, పడుకునే వేళకు బాగా ముందు. మిగతా వేళల్లో వచ్చిన ఆలోచనకు ‘సాయంత్రం చూద్దాం’ అని వాయిదా చెప్పవచ్చు. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ, పనిచేస్తుంది.

పలకరించడానికి వచ్చేవాళ్లకు: ‘ఏ సాయం కావాలన్నా అడుగు’ అంటే రోగి అడగడు. ‘గురువారం నేను కారు తెస్తాను, తొమ్మిదింటికి’ అనండి. జోకు రోగి వేస్తే నవ్వండి, మీరు ముందు వేయకండి. ఇంకెవరికో ఇదే జబ్బు వచ్చి ఏమైందో చెప్పకండి. రోజూ పదిమందికి ఒకే కబురు చెప్పే పని ఇంట్లో ఒకరికి అప్పగిస్తే రోగికి అదే పెద్ద విశ్రాంతి. తోడు వచ్చే మనిషినీ వంతులవారీగా మార్చాలి, మంచం మీద ఉన్నవాళ్ల కన్నా ముందు స్టూలు మీద కూర్చున్నవాళ్లు చితికిపోవడం మేం ఎరుగుదుం.

ఇవన్నీ చేసినా మనసు లేవని సందర్భం ఉంటుంది, దానికి చిట్కాలు చాలవు. నిద్ర, ఆకలి, నీరసం ఇవి జబ్బు వల్లా రావచ్చు కాబట్టి వాటినిబట్టి కుంగుబాటును గుర్తించడం కష్టం. ఎప్పుడూ ఇష్టపడేదాని మీద కూడా ఆసక్తి పోవడం, తాను అందరికీ భారమైపోయానన్న భావన, ఏదీ మారదన్న నిస్పృహ రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉంటే అది వైద్యం చేయించుకోవాల్సిన స్థితి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగనక్కర్లేదు, ఆ రోజే చెప్పాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. క్యాన్సర్ విభాగాల్లో ఒక థర్మామీటర్ బొమ్మ చూపించి, గడిచిన వారంలో బాధ సున్నా నుంచి పది దాకా ఎంతని అడుగుతారు. నాలుగు, అంతకు మించితే విడిగా మాట్లాడతారు. మిమ్మల్ని అడగకపోతే మీరే చెప్పండి, ‘నా అంకె ఆరు’ అని. కుంగుబాటు మందులు పట్టు చూపడానికి కొన్ని వారాలు పడుతుంది, ఐదో రోజున పనిచేయలేదని మానేయకూడదు. మానసిక వైద్యుడికి మిగతా మందుల చీటీ తప్పక చూపించాలి. ఉదాహరణకు పారాక్సెటిన్ అనే మందు, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ శరీరంలో చురుకైన రూపంలోకి మారడాన్ని అడ్డుకుంటుంది. మూలికే కదా అని కుంగుబాటుకు సెయింట్ జాన్స్ వోర్ట్ వేసుకుంటే, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల రక్తంలో, ఆ అవయవాన్ని కాపాడే సైక్లోస్పోరిన్ మందు స్థాయి పడిపోయి, పెట్టిన అవయవాన్నే శరీరం తిరస్కరించే ప్రమాదం ఉంది.

రేడియేషన్ ముగిసినవాళ్ల గురించి కూడా ఒక మాట. వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి వచ్చి, ఆఖరి రోజున అందరూ అభినందిస్తుంటే చాలామందికి ఏడుపొస్తుంది. అలసట ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. పైగా రోజూ పేరుపెట్టి పలకరించిన మనుషులు ఒక్కసారిగా ఉండరు. చికిత్స అయిపోయిన మర్నాటి నుంచి ఏ వేళకు ఎక్కడికి వెళ్లాలో ముందే ఒకటి పెట్టుకోవడం మంచిది, నడక అయినా సరే.

చివరగా పత్రికకు ఒక విన్నపం. ‘మహమ్మారిని జయించిన ధీర’, ‘మనోబలంతో మృత్యువును ఓడించాడు’ లాంటి శీర్షికలు మా వార్డుల్లో టీపాయ్ మీద పడి ఉంటాయి. వాటిని చదివేవాళ్లలో జబ్బు తిరగబెట్టినవాళ్లు ఉంటారు, మందు పనిచేయనివాళ్లు ఉంటారు. వాళ్లెవరూ తక్కువ ధీరులు కారు. శీర్షికలో ఏ మందు వాడారో, ఎన్ని నెలలు పట్టిందో రాయండి. మిగిలిన చోటులో, వీలైతే, చిన్న పజిల్ ఒకటి వేయండి. ఒంటిచేత్తో పూరించగలిగేది, పత్రికను నాలుగు మడతలు పెట్టినా పూర్తిగా కనిపించేది.

ఇట్లు,
దీర్ఘకాలిక చికిత్సా విభాగాల్లో పనిచేస్తున్న కొందరు నర్సులు, డయాలసిస్ టెక్నీషియన్లు, కౌన్సెలర్లు